గృహహింస: స్వరూపము, ఫలితములు, నివారణోపాయములు

‘ఇల్లు’ అను చిన్న మాటలో తెలుగువారికి ఎంతో అర్థమిమిడి యున్నది. ఎండబడి వచ్చినవానికి నీడ, అలసి వచ్చినవానికి అన్నము, జబ్బుపడినవానికి మంచము, మనసు విరిగినవానికి ఒక మంచిమాట: ఇవన్నియు ఇల్లే. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇల్లు మరింత విలువగలది. బజారులో కన్నడమో తమిళమో, ఒడియాయో మరాఠీయో మాటాడి వచ్చినవారు గుమ్మములో అడుగిడిన తరువాతనే తల్లిభాషలో ఊపిరి పీల్చుకొందురు. అట్టి ఇంటిలోనే భయము కాపురమున్నయెడల ఆ ఇంటివారికి వేరొక ఆశ్రయమేది? ఈ ప్రశ్నను ప్రతి కుటుంబమును, ప్రతి సంఘమును ఆలోచింపవలసి యున్నది.

1. గృహహింస యనగా నేమి?

గృహహింస అనగానే పలువురికి స్ఫురించునది కొట్టుట మాత్రమే. ఒంటిమీద వాతలు కనిపించిన అది హింస యనియు, కనిపించకున్న కాపురములోని మామూలు తగవులాట యనియు భావించుట కద్దు. ఈ భావము సరియైనది కాదు. 2005లో భారత పార్లమెంటు ఆమోదించగా 2006 అక్టోబరు 26వ తేదీనుండి అమలులోనికి వచ్చిన ‘గృహహింస నుండి మహిళల రక్షణ చట్టము’ ఈ హింసను నాలుగు విధములుగా గుర్తించినది.

మొదటిది శారీరక హింస. కొట్టుట, తన్నుట, త్రోయుట, కాల్చుట, గొంతు నులుముట మొదలగునవి ఇందులో చేరును. రెండవది లైంగిక హింస. వివాహమైనంత మాత్రమున స్త్రీ మర్యాదను భంగపరచు అధికారము ఎవరికిని రాదని దీని భావము. మూడవది మాటలచేతను, మనస్సునకును కలిగించు హింస. నలుగురిలో అవమానించుట, పిల్లలు కలుగలేదనియో మగపిల్లవాడు కలుగలేదనియో ఎత్తిపొడుచుట, ఆమెకు కావలసిన వారిని కొట్టెదనని బెదరించుట ఇట్టివి. నాలుగవది ఆర్థిక హింస. ఇంటి ఖర్చునకు డబ్బు ఇయ్యకుండుట, ఆమె జీతమును లాగుకొనుట, స్త్రీధనమైన నగలను ఆమె ఇష్టము లేకుండ అమ్ముట, ఇంటినుండి వెడలగొట్టుట ఈ తరగతిలోనివి. కట్నముకొరకు పెట్టు బాధలును గృహహింసయే.

ఈ చట్టము భార్యకు మాత్రమే పరిమితమైనది కాదు. ఒకే ఇంటిలో కలిసి నివసించుచున్న, లేక ఒకప్పుడు నివసించిన తల్లి, కుమార్తె, అక్కచెల్లెండ్రు, కోడలు, వితంతువైన వదినె, ఎల్లరికిని ఇది రక్షణ కల్పించును.

మామూలు తగవునకును హింసకును భేదము తెలిసికొనుట కష్టము కాదు. తగవులో ఇద్దరికిని నోరుండును; హింసలో ఒకరికి నోరు, మరియొకరికి భయము మిగులును. తగవు తీరిన పిమ్మట ఇద్దరును మునుపటివలె తిరుగుదురు. హింస జరిగిన ఇంటిలో ఒకరు అడుగుల చప్పుడు విని లెక్కపెట్టుకొనుచు బ్రదుకుదురు.

2. ఇది ఎంతవరకు వ్యాపించి యున్నది?

ఇది ఎక్కడనో, ఎవరికో జరుగునది యనుకొనుట పొరబాటు. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 18 నుండి 49 ఏండ్ల వయస్సుగల వివాహిత స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతి హింసను ఎప్పుడో ఒకప్పుడు అనుభవించినవారే. కర్ణాటకలో ఈ సంఖ్య నూటికి 44, తమిళనాట 38. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనాలలో, లోకమంతటను 15 నుండి 49 ఏండ్ల వయస్సులో సహచరుడు గల స్త్రీలలో ప్రతి నలుగురిలో ఒకరు ఇట్టి హింసకు గురియైనట్లు తేలినది. ధనికులు, పేదలు, చదివినవారు, చదువనివారు అను భేదము లేకుండ అన్ని తరగతులలోను ఇది కలదు.

ఇంతకంటె విచారింపదగిన విషయము మరియొకటి గలదు. అదే సర్వేలో, హింసకు గురియైన స్త్రీలలో సాయము కోరినవారు నూటికి 14 మంది మాత్రమే. నూటికి 77 మంది సాయము కోరకపోవుటయే కాక, ఆ సంగతి ఎవరితోను చెప్పనైన చెప్పలేదు. కూర పాడుచేసినను, చెప్పకుండ బయటికి వెళ్లినను, అత్తమామలను గౌరవింపకున్నను భార్యను కొట్టుట తగునా యను వరుసలో అడిగిన ప్రశ్నలకు, ఏదో ఒక సందర్భమున తగునని ఒప్పుకొన్న స్త్రీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో నూటికి సుమారు 84 మంది. అనగా దెబ్బలు తినువారే ఆ దెబ్బలు న్యాయమని నేర్చుకొని యున్నారు. ఈ పాఠము వారికి పుట్టుకతో వచ్చినది కాదు. తల్లి, మేనత్త, ఇరుగుపొరుగు అమ్మలక్కలు చిన్ననాటినుండి చెప్పగా వచ్చినది. చెప్పగా వచ్చినది గనుక, మరల మంచిగా చెప్పినచో మారగలదు.

3. హింస ఎట్లు మొదలగును, ఎట్లు పెరుగును?

ఉదాహరణమునకు ఒక కుటుంబమును ఊహించుకొనవచ్చును. అనంతపురము ప్రాంతపు పిల్లను బెంగుళూరులో స్థిరపడిన తెలుగు సంబంధమునకిచ్చిరి. పిల్లవాడు చదువుకొన్నవాడు, ఉద్యోగస్థుడు, పెద్దలయెడ వినయము గలవాడు. మొదటి నెలలలో అంతయు బాగుగనే యున్నది. ‘‘మీ అమ్మతో రోజూ అంతసేపు మాటలేమిటి?’’ అని అతడు ముందు నవ్వుచు అడిగెను. కొన్నాళ్లకు నవ్వు పోయి ప్రశ్న మిగిలెను. ఆ పిమ్మట ఫోను అతని చేతిలోనే యుండసాగెను. ఎదురింటి ఇల్లాలితో మాటాడిన అనుమానము. ఆమెకు కన్నడము రాదు, నేర్చుకొందునన్న ‘‘నీకెందుకు? నేను లేనా?’’ అనెను. బ్యాంకు కార్డు అతనివద్దనే. కూరగాయలకు ఇచ్చిన డబ్బుకు సాయంకాలము లెక్క. ఇంతవరకు ఒక్క దెబ్బయు లేదు. ఒకనాడు పప్పులో ఉప్పెక్కువైనదని కంచము గోడకు విసరెను. మరునెలలో చెంపదెబ్బ. ఆ రాత్రి అతడే ఏడ్చి, కాళ్లు పట్టుకొని, మరునాడు చీర తెచ్చెను. ఆమె సంతోషించెను. రెండు నెలలు గడచెను. మరల కంచము, మరల దెబ్బ. ఈసారి చీర లేదు.

ఇందులో గమనింపవలసినది, దెబ్బ చివరకు వచ్చినదే గాని మొదట వచ్చినది కాదు. అంతకుముందే ఆమె పుట్టింటినుండి, ఇరుగుపొరుగునుండి, డబ్బునుండి, భాషనుండి వేరుచేయబడినది. అమెరికాలో లెనోర్ వాకర్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు 1979లో ప్రకటించిన గ్రంథములో ఈ చక్రమును వివరించినది: ముందు ఇంటిలో ఉద్రిక్తత పెరుగును, పిదప హింస పెల్లుబుకును, ఆపైన పశ్చాత్తాపముతో కూడిన శాంతికాలము వచ్చును. అన్ని ఇండ్లలోను ఈ వరుస ఇట్లే యుండదు; కొన్ని ఇండ్లలో శాంతికాలమే రాదు. 1984లో మినెసోటా రాష్ట్రములోని డులూత్ పట్టణములో హింసకు గురియైన స్త్రీలు చెప్పిన అనుభవములనుండి కార్యకర్తలు ఒక చక్రపు పటమును గీచిరి. దాని ఇరుసు స్థానమున వారు వ్రాసినది కోపము కాదు. అధికారము, అదుపు అను రెండు మాటలు.

‘‘అతనికి కోపము వచ్చిన పట్టలేడు’’ అనుట తరచుగ వినవచ్చును. ఆఫీసులో పై అధికారి తిట్టిన దినమున అతడు ఆ అధికారిని కొట్టుట లేదు. బస్సులో కాలు త్రొక్కిన బలవంతుని కొట్టుట లేదు. చుట్టములు వచ్చినప్పుడు ఇంటిలోనే ఆ కోపము ఆగుచున్నది. ఎక్కడ శిక్ష యుండదో అక్కడ మాత్రమే తెగు కోపమును పట్టరాని కోపమనుట సమంజసము కాదు.

త్రాగుడు సంగతియు ఇట్టిదే. తరచుగ త్రాగి మత్తెక్కు భర్తలుగల స్త్రీలలో నూటికి 70 మంది శారీరక లేక లైంగిక హింసను అనుభవించిరని, త్రాగని భర్తలుగల వారిలో ఇది 23 అని పైని చెప్పిన సర్వే తెల్పినది. త్రాగుడు హింసను ఎంతో పెంచునని ఇందువలన రుజువగుచున్నది. త్రాగనివారి ఇండ్లలోను హింస యున్నదని కూడ ఇందువలననే రుజువగుచున్నది. నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిన ఉద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించి, 1993 అక్టోబరు 1వ తేదీన సారా నిషేధమునకు దారితీసినది. కూలిడబ్బు సారాపాలగుటయు, రాత్రివేళ ఇంటిలో దెబ్బలును ఒకే బాధకు రెండు ముఖములని ఆ పల్లె స్త్రీలు ఏ పుస్తకమును చదువకయే గ్రహించిరి.

4. ఆమె ఎందుకు వెడలిపోదు?

బయటనున్నవారు సులభముగ వేయు ప్రశ్న ఇది. జవాబు మాత్రము సులభము కాదు. పోవుటకు చోటు కావలెను. చేతిలో డబ్బు కావలెను. పిల్లలను వదలి పోజాలదు. పుట్టింట పెండ్లికాని చెల్లెలున్నచో, తన మూలమున ఆమె సంబంధము చెడునను భయము. ‘‘నీ గడప ఇక అదే’’ అని సాగనంపిన తల్లిదండ్రులు. అన్నింటికిని మించి, మంచిదినములు మరల వచ్చునను ఆశ.

ప్రాణభయము కూడ కలదు. ఆడుది ఇల్లు విడుచు సమయమును, విడిచిన తరువాతి కొద్దికాలమును మిక్కిలి అపాయకరమైనవని వివిధ దేశములలో జరిగిన పరిశోధనలు చెప్పుచున్నవి. అదుపు జారిపోవుచున్నదని తెలిసిన క్షణముననే అదుపు కోరువాడు మిక్కిలి క్రూరుడగును. కావున ఆమె ఆగుట పిరికితనము గాని మూర్ఖత్వము గాని కాదు; పలుమార్లు అది ఆమె వేసికొన్న లెక్క.

ఆ లెక్కలో ఆస్తికి గల స్థానము కేరళలో జరిగిన ఒక పరిశోధనలో వెల్లడియైనది. ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ అను పరిశోధకులు తిరువనంతపురము జిల్లాలో వివాహితలను విచారించి 2005లో ఫలితములను ప్రకటించిరి. తమ పేర భూమి గాని ఇల్లు గాని లేని స్త్రీలలో నూటికి 49 మంది దీర్ఘకాలము శారీరక హింసను అనుభవించిరి. భూమి యున్నవారిలో అది 18, ఇల్లున్నవారిలో 10, రెండును ఉన్నవారిలో 7 మాత్రమే. పోవుటకు చోటున్నదని భార్యకు తెలియుటయే కాదు, ఆ సంగతి భర్తకును తెలియుట ఒక రక్షణ.

ఈ విషయములో తెలుగువారు గర్వింపదగిన సంగతి యొకటి కలదు. కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కుమారులతో సమాన హక్కునిచ్చు శాసనమును ఆంధ్రప్రదేశ్ 1986లోనే చేసినది. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్ర 1994లోను అట్లే చేసినవి. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమంతటను ఇది అమలులోనికి వచ్చినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము జైనులకును వర్తించునని ఆ చట్టమే చెప్పుచున్నది గనుక, జైన కుటుంబముల కుమార్తెలకును ఈ హక్కు కలదు. అయినను పెండ్లినాడు పెట్టిన బంగారముతో ఆమె వాటా చెల్లిపోయినదని అనుకొను కుటుంబములు నేటికిని పెక్కు గలవు.

5. బాధితురాలిపై కలుగు ఫలితములు

దేహమునకు తగిలిన గాయములు కొన్ని మానును, కొన్ని మానవు. వీనిలో గొంతు నులుముటను ప్రత్యేకముగ పేర్కొనవలెను. బయటికి గుర్తు లేకపోవచ్చును. గొంతు బొంగురుపోవుట, మింగుట కష్టమగుట, తలతిరుగుట మాత్రమే కనిపించవచ్చును. కాని మెదడునకు రక్తము, ప్రాణవాయువు అందకపోవుటచే ఆ తరువాత కూడ అపాయము కలుగవచ్చును. ఒకసారి గొంతు నులిమినవాని చేతిలో ఆ స్త్రీ ముందుముందు హతురాలగు అపాయము సుమారు ఏడు రెట్లు అధికమని అమెరికాలో 2008లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తెల్పినది. కావున ‘‘గొంతు పట్టుకున్నాడు’’ అను మాట వినిన బంధువు, అది ఏదో కోపములో జరిగినదని తీసివేయక, వెంటనే వైద్యునివద్దకు తీసికొనిపోవలెను.

మనస్సునకు కలుగు హాని నెమ్మదిగ పనిచేయును. నిద్ర పట్టదు, చిన్న చప్పుడునకు ఉలికిపాటు, కారణము తెలియని తలనొప్పి, కడుపునొప్పి, దేనియందును ఇష్టము లేకపోవుట, తప్పు తనదేనను భావము. హింసకు గురియైన స్త్రీలకు తీవ్రమైన మనోవ్యాకులత సుమారు రెండింతలు అధికముగ కలుగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 నివేదికలో తెల్పినది. వారికి తక్కువ బరువుగల శిశువులు పుట్టు అవకాశము 16 శాతము అధికమని కూడ ఆ నివేదికయే చెప్పినది. అనగా హింస ఇంకను పుట్టని బిడ్డనుకూడ తాకుచున్నది.

6. పిల్లలపై కలుగు ఫలితములు

‘‘పిల్లలు నిద్రపోయారు, వాళ్లకేమీ తెలియదు’’ అని తల్లులు తమను తాము ఓదార్చుకొందురు. పిల్లలకు తెలియును. దుప్పటి లోపల కన్నులు తెరచుకొని విందురు. బడిలో పాఠము వినవలసిన సమయమున, సాయంకాలము ఇంటిలో ఏమి జరుగునోయని ఆలోచింతురు. కొందరు పక్క తడుపుదురు. కొందరు మాటలాడుట మానుదురు. కొందరు తోటివారిని కొట్టుదురు. పెద్దపిల్ల తన వయస్సునకు మించి తల్లియై చిన్నవారిని గదిలోనికి తీసికొనిపోయి తలుపు వేయును.

అమెరికాలో 1995-97 మధ్య 17,000 మందికి పైగా పెద్దలను వారి బాల్యమును గురించి విచారించిరి. ఇంటిలో తల్లిని కొట్టుట చూచుట ఆ విచారణలోని అంశములలో ఒకటి. బాల్యములో ఇట్టి కష్టములు ఎన్ని ఎక్కువైన, పెద్దయిన పిమ్మట గుండెజబ్బు, మనోవ్యాధి, త్రాగుడు మొదలగునవి అంత ఎక్కువగ కనిపించినవి. ఆ ఇంటి కొడుకు కొట్టుటను, కూతురు ఓర్చుటను నేర్చుకొను అవకాశము కలదు. కాని ఇది తలవ్రాత కాదు. తనను నమ్మి ఆదరించు పెద్దవారు ఒక్కరున్నను బిడ్డ నిలదొక్కుకొనగలదు. ఆ ఒక్కరు మేనమామ కావచ్చును, పంతులమ్మ కావచ్చును, పక్కింటి అవ్వ కావచ్చును.

కుటుంబములోని తక్కినవారికిని శాంతి యుండదు. కొడుకును వారించలేని ముసలితల్లి తాను కూడ భయపడుచునే బ్రదుకును. కొట్టువాడును సుఖపడుట లేదు. అతని అడుగుల చప్పుడునకు లేచి పారిపోవు పిల్లలు, అతడు పెద్దవాడైన తరువాత దగ్గరకు రారు.

7. చట్టములో గల ఉపాయములు

2005 నాటి చట్టము ముఖ్యముగ శిక్షించు చట్టము కాదు, రక్షించు చట్టము. బాధితురాలు గాని, ఆమె తరఫున మరియొకరు గాని రక్షణాధికారికి తెల్పవచ్చును. నేరుగ మెజిస్ట్రేటుకును దరఖాస్తు పెట్టవచ్చును. మొదటి విచారణ సాధారణముగ మూడు దినములలో జరుగవలెననియు, 60 దినములలో దరఖాస్తును పరిష్కరించుటకు ప్రయత్నింపవలెననియు చట్టము చెప్పుచున్నది. ఆచరణములో ఆలస్యము జరుగుట కలదు. అందుచేతనే వెంటనే మధ్యంతరపు ఉత్తరువు కోరు వీలుకూడ కల్పింపబడినది. హింసను ఆపవలెనని, ఇంటినుండి వెడలగొట్టరాదని, భరణము, నష్టపరిహారము ఇయ్యవలెనని, పిల్లలను తాత్కాలికముగ ఆమెవద్ద నుంచవలెనని న్యాయస్థానము ఉత్తరువు చేయవచ్చును. రక్షణ ఉత్తరువును మీరినవానికి ఒక సంవత్సరమువరకు ఖైదు గాని, 20,000 రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇల్లు అత్తమామల పేర నున్నను, ఆమె కోడలిగ కాపురమున్న ఇల్లయినచో నివాసహక్కు కోరవచ్చునని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. హింస చేయువారు ఆడువారైనను ఈ చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చునని 2016లోనే ఆ న్యాయస్థానము నిర్ణయించినది.

క్రూరత్వమునకు శిక్ష వేరు. 1983లో పాత శిక్షాస్మృతిలో చేర్చబడిన 498-ఎ అను నిబంధన, 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షనుగ వచ్చినది. దీనికి మూడు సంవత్సరములవరకు ఖైదు, జరిమానా కలవు. ఫిర్యాదు వచ్చినంతనే యాంత్రికముగ అరెస్టు చేయరాదని 2014లో సుప్రీంకోర్టు పోలీసువారికి మార్గము చూపినది. ఫిర్యాదును తీసికొనరాదని చెప్పలేదు. ఈ భేదమును పలువురు గమనించుట లేదు.

ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పిల్లలను ఇచ్చి పుచ్చుకొను కుటుంబములు ముఖ్యముగ ఒక విషయము నెరుగవలెను. ఆమె తాత్కాలికముగ తలదాచుకొన్న ఊరిలోని మెజిస్ట్రేటువద్దనే 2005 చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చును. క్రూరత్వపు నేరమునుకూడ ఆమె పుట్టింటి ఊరిలోనే విచారింపవచ్చునని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. బరంపురమునుండియో షోలాపురమునుండియో తిరిగివచ్చిన కూతురు న్యాయముకొరకు మరల ఆ ఊరికే పోనవసరము లేదు.

తక్షణ సహాయమునకు 112, మహిళల సహాయమునకు 181, పిల్లల సహాయమునకు 1098 అను నంబర్లు గలవు. ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రతి స్త్రీకిని ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము ప్రకారము లభించును. దానికి 15100 నంబరు కలదు. వైద్యము, పోలీసు, న్యాయసలహా, కొద్దిదినముల వసతి ఒకేచోట లభించునట్లు ‘సఖి’ కేంద్రములు 2015నుండి ఏర్పడినవి.

8. బంధువులును, సంఘమును చేయదగినవి

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతను చెప్పి ఆడువారి నోరు మూయించుట మన పెద్దలకు అలవాటు. కాని లంకకు చేటు వచ్చినది గుట్టు బయటపడుటవలననా? ఇష్టము లేని స్త్రీని బలవంతముగ తెచ్చి నిర్బంధించుటవలన వచ్చినది. గుట్టు విప్పినవాడు చెప్పిన మంచిమాట వినియుండిన లంక నిలిచెడిదే.

జైన కుటుంబములకు ఈ విషయము కొత్తది కాదు. గృహస్థుని అహింసాణువ్రతమునకు తత్త్వార్థ సూత్రము అయిదు అతిచారములను చెప్పినది: కట్టివేయుట, కొట్టుట, అవయవములకు హాని చేయుట, మోయరాని బరువు మోపుట, అన్నపానములను నిరోధించుట. పశువుల విషయములో ఈ అయిదింటిని శ్రద్ధతో పాటించువారు, ఇంటి కోడలి విషయములో ఒకసారి వానిని వరుసగ తలచుకొనినచో చాలును. తాను చేయుటయే కాక, చేయించుటయు, చేసిన దానికి సమ్మతించుటయు దోషమే యగుటచే, ప్రక్కగదిలో కూర్చుండి విని ఊరకున్న పెద్దలకును ఇందులో పాలు కలదు.

పెద్దలు చేయదగిన మొదటి పని వినుట. ‘‘అమ్మాయీ, ఆ ఇంట్లో నీకు భయంగా ఉందా?’’ అని ఒంటరిగ నున్నప్పుడు నెమ్మదిగ అడుగవలెను. అత్తవారి ఎదుట అడుగరాదు. ఆమె చెప్పినదానిని నమ్మవలెను. ‘‘నువ్వేమన్నావు? ఊరికే కొడతాడా?’’ అను ప్రశ్న మరియొక దెబ్బవంటిది. ‘‘సర్దుకుపో’’ అనుటకు బదులు, ‘‘ఇది నీ తప్పు కాదు, ఏ వేళ వచ్చినా మా తలుపు తెరిచే ఉంటుంది’’ అని చెప్పవలెను. ఆ ఒక్క మాట ఎన్నియో ప్రాణములను నిలుపగలదు.

రెండవది, భార్యాభర్తలను ఎదురెదురుగ కూర్చుండబెట్టి పంచాయతీ చేయుటలోని అపాయమును గుర్తించుట. భయపడినది అతని ఎదుట నిజము చెప్పలేదు. చెప్పినచో ఇంటికి పోయిన పిమ్మట దానికి ఫలితమనుభవించును. ముందు ఆమె క్షేమము, తరువాతనే రాజీ మాట. హింస ఆగినదని ఆమె నోట, ఆమె ఒంటరిగ నున్నప్పుడు వినిన తరువాతనే పెద్దలు ఆగినదనుకొనవలెను.

మూడవది, ముందుజాగ్రత్త. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకము, పెండ్లి ఫొటోలు, పిల్లల బడి కాగితములు, వాడుకొను మందులు, కొంత డబ్బు నమ్మకమైన వారింట ఉంచుకొనుట మేలు. ముఖ్యమైన రెండు మూడు నంబర్లు కంఠస్థము చేయవలెను, ఫోను లాగుకొనవచ్చును. తగవు పెరుగునప్పుడు కత్తిపీట, పొయ్యి ఉన్న వంటగదిలో గాక వీధితలుపు దగ్గర ఉండుట మంచిది. పొరుగింటివారితో ఒక గుర్తు చెప్పుకొనవలెను. పరరాష్ట్రములో కాపురమునకు పోవు పిల్లకు సారెతోపాటు ఆ ఊరి భాషలో పది మాటలు, ఆమె పేర ఒక బ్యాంకు ఖాతా, ఆ ఊరిలో తెలిసిన ఒక కుటుంబపు చిరునామా ఇచ్చి పంపవలెను.

నాలుగవది, కొట్టువానితో మాటాడుట. ఇది అతని స్నేహితులు, అన్నలు, మేనమామలు చేయవలసిన పని. అతనిని వెలివేయుటకంటె, అతని చేతను సమర్థింపకుండుట ముఖ్యము. ‘‘పెళ్లైతే కుదురుకుంటాడు’’ అని దుడుకు కుర్రవానికి పిల్లను తెచ్చుటయు, ఆ పిల్లను వైద్యముగ వాడుకొనుటయు పెద్దలు మానవలెను.

మననము చేయదగిన ప్రశ్నలు

1. తగవునకును హింసకును గల భేదమేమి?
2. దెబ్బ పడుటకు ముందే హింస మొదలగునని ఎట్లు తెలియును?
3. ఇల్లు విడుచు సమయము అపాయకరమని ఎందుకు చెప్పుదురు?
4. కుమార్తె పేర ఆస్తి యుండుట ఆమె రక్షణకు ఎట్లు తోడ్పడును?
5. గొంతు నులిమినాడని వినిన బంధువు తక్షణము చేయవలసినదేమి?
6. ఈ సంవత్సరము పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డను, ఒంటరిగ కూర్చుండబెట్టుకొని, ‘‘నీకక్కడ భయం లేదు కదా?’’ అని అడిగినవారు ఇంటిలో ఎవరైన నున్నారా?

మొదటి అయిదింటికి సమాధానములు ఈ పాఠములో గలవు. ఆరవదానికి సమాధానము ప్రతి ఇంటివారును తమ ఇంటిలోనే వెదకుకొనవలెను.